పాంటో దించేసిన బొమ్మ రైలు: పాత లయనల్ ఇంజన్‌కి బ్యాటరీ, రిమోట్ అమర్చుకునే పద్ధతి

పోయిన వేసవిలో, న్యూజెర్సీ ఎడిసన్‌లో మా అమ్మాయి వాళ్ళుండే వీధి చివర ఒకాయన గరాజ్ సేల్ పెట్టాడు. పాత కుర్చీలు, గిన్నెల మధ్య ఒక అట్టపెట్టె కనిపించింది. అందులో నల్లటి బొమ్మ స్టీమ్ ఇంజన్, దాని టెండర్ (ఇంజన్ వెనకే ఉండే బొగ్గు, నీళ్ళ బండి), నాలుగు పెట్టెలు, తుప్పు పట్టిన పట్టాలు, ఇటుకరాయంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నాయి. ఇంజన్ క్యాబ్ కిటికీ కింద తెల్ల అంకెల్లో 2026 అని ఉంది, అది సంవత్సరం కాదు, మోడల్ నంబరు. చేతిలోకి తీసుకున్నాను. పోతపోసిన లోహం, మంచి బరువు. విజయవాడ ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో ముప్ఫై ఏళ్ళు ఇంజన్ చక్రాల్ని తిప్పే ట్రాక్షన్ మోటార్లతో గడిపినవాణ్ణి, ఆ బరువు చూస్తేనే లోపల నిజమైన మోటారు ఉందని అర్థమైంది. నలభై డాలర్లు చెప్పాడు. బేరం ఆడకుండా ఇచ్చేశాను.

బొమ్మ రైళ్ళు చేసే లయనల్ కంపెనీని 1900లో న్యూయార్క్‌లో జాషువా లయనల్ కోవెన్ మొదలుపెట్టాడు. 1929 నుంచి వాళ్ళ పెద్ద ఫ్యాక్టరీ ఇక్కడే, న్యూజెర్సీలోని హిల్‌సైడ్‌లో ఉండేది. మా ఇంటినుంచి కార్లో అరగంట. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక తయారైన ఈ ఇంజన్ పుట్టిన ఊరికి ఇంత దగ్గరలో నా చేతికి రావడం నాకు చాలా సంతోషం అనిపించింది.

ఇంటికి తెచ్చి ట్రాన్స్‌ఫార్మర్ తీగ పట్టుకోగానే దాని రబ్బరు తొడుగు పొడి పొడిగా రాలింది. లోపల రాగి కనిపిస్తోంది. గోడలో 120 వోల్టులు, పక్కన ఆరేళ్ళ మనవడు. దాన్ని ప్లగ్గులో పెట్టే ప్రశ్నే లేదు. తీగ మార్చవచ్చు, నిజమే. కానీ ఆ పట్టాలు కూడా సన్న రేకుతో చేసిన గొట్టాలు, ప్రతి అతుకులో పిన్ను వదులు, పైన తుప్పు. పట్టాల్లో కరెంటు ఉన్నంతకాలం రైలు నడిపేదానికన్నా పట్టాలు గీకేది ఎక్కువ. కరెంటును పట్టాల్లోంచి తీసేసి రైల్లోనే పెడితే ఈ రెండు బాధలూ పోతాయి. అమెరికాలో ఈ పద్ధతిని డెడ్ రైల్ అంటారు. మా షెడ్డు భాషలో చెప్పాలంటే పాంటో (పై తీగనుంచి కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్) దించేసి, బ్యాటరీ మీద నడిపే లోకో అన్నమాట.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. మీ దగ్గరున్న బండి అసలు పెట్టెతో, గీత పడకుండా ఉంటే దాన్ని ముట్టుకోకండి. అలాంటివాటిని అలాగే దాచేవాళ్ళున్నారు, వాళ్ళకి ఇచ్చేయండి. రంగు రాలిన, ఆడి ఆడి అరిగిన బండి ఈ పనికి సరైనది. అప్పుడు కూడా ఏ భాగాన్నీ కోయకుండా, రంధ్రం పెట్టకుండా, రేపు ఎవరైనా కావాలంటే వెనక్కి మార్చుకునేలా చేయాలన్నది నా నియమం. కింద చెప్పే పనంతా ఆ నియమం మీదే నడుస్తుంది.

మీ మోటారు ఏ జాతి?

పాత బొమ్మ రైళ్ళ మోటార్లు రెండు రకాలు. ఒకటి శాశ్వత అయస్కాంతంతో నడిచే డీసీ మోటారు. రెండు పట్టాల మీద నడిచే చిన్న రైళ్ళలో, 1968లో జర్మనీ నుంచి వచ్చిన ఎల్‌జీబీ తోట రైళ్ళలో ఇవే ఉంటాయి. మీది ఈ రకం అయితే పని చాలా సులువు. చక్రాలనుంచి మోటారుకి వచ్చే తీగల్ని విప్పి, మోటారు రెండు చివరల్నీ స్పీడ్ కంట్రోలర్‌కి కలిపితే సరి. తీగలు మారితే దిశ మారుతుంది, ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. బ్యాటరీ, రిమోట్ గురించి కింద చెప్పేదంతా మీకూ వర్తిస్తుంది, మధ్యలో రివర్స్ కోసం పెట్టే బ్రిడ్జి రెక్టిఫైయర్ కథ వదిలేయండి. చిన్న ఇంజన్లలో చోటు ఉండదు కాబట్టి సామాను వెనక పెట్టెలో పెట్టుకోవాలి.

రెండో రకం మా 2026లో ఉన్నది. అయస్కాంతం బదులు ఫీల్డ్ కాయిల్ ఉంటుంది, దాని మధ్య ఆర్మేచర్ అనే ఇంకో తీగ చుట్ట తిరుగుతుంది. రెండూ సిరీస్‌లో, అంటే ఒకే కరెంటు ఒకదాని తర్వాత ఒకదానిలో పారుతుంది. ఏసీ మీదా నడుస్తుంది, డీసీ మీదా నడుస్తుంది. మూడు పట్టాల లయనల్ బళ్ళన్నీ ఆ కాలంలో ఇవే. మధ్య పట్టా మీద రోలర్ జారుతూ కరెంటు తీసుకుంటుంది, బయటి రెండు పట్టాలు చక్రాల ద్వారా కరెంటును వెనక్కి పంపుతాయి. రోలర్ అంటే పాంటోగ్రాఫే, తలకిందులుగా పెట్టారంతే.

గుర్తుపట్టడం ఎలా అంటే, మోటారు పక్కన రేకుల పొరల మీద చుట్టిన రాగి తీగ చుట్ట కనిపిస్తే అది ఫీల్డ్ కాయిల్. స్క్రూడ్రైవర్ దగ్గరికి తెస్తే అతుక్కునే అయస్కాంతం కనిపిస్తే డీసీ మోటారు. కొన్ని లయనల్ ఇంజన్ల ఇరుసుల్లో పట్టు కోసం అయస్కాంతాలు పెట్టారు, అవి చూసి పొరబడకండి.

రివర్స్ ఎందుకు పడదు

ఈ భాగం దగ్గర నిదానంగా ఆగండి. పనంతా దీని మీదే ఆధారపడి ఉంది.

సిరీస్ మోటారుకి మీరు ప్లస్, మైనస్ తీగలు అటూ ఇటూ మారిస్తే ఏమవుతుంది? ఆర్మేచర్‌లో కరెంటు తిరగబడుతుంది. ఫీల్డ్‌లోనూ తిరగబడుతుంది. రెండూ తిరగబడితే తోపు మళ్ళీ అదే వైపు. అందుకే ఈ మోటారు ఏసీ మీద నడవగలుగుతుంది. అందుకే రిమోట్‌లో రివర్స్ నొక్కినా బండి ముందుకే పోతుంది. నేను మొదట నేరుగా కలిపి చూశాను. ముందుకు నొక్కితే ముందుకు, వెనక్కి నొక్కితే కూడా ముందుకే. మనవడు నా మొహం చూశాడు. "తాతయ్యా, ఇది వెనక్కి రాదా?" అన్నాడు.

వస్తుంది. మా వాగ్-5, వామ్-4 లోకోల్లో పైన 25 కిలోవోల్టుల ఏసీ తీసుకుని, ట్రాన్స్‌ఫార్మర్‌లో తగ్గించి, సిలికాన్ రెక్టిఫైయర్‌తో డీసీ చేసి సిరీస్ మోటార్లకి ఇచ్చేవాళ్ళం. దిశ మార్చడానికి జె1, జె2 అనే రివర్సర్ డ్రమ్ములుండేవి. అవి మోటారు మొత్తాన్ని కాదు, ఫీల్డ్‌ని మాత్రమే తిప్పుతాయి. ఒకటి తిరిగి రెండోది అలాగే ఉంటే మోటారు వెనక్కి తిరుగుతుంది. లయనల్‌వాళ్ళూ అదే సూత్రం వాడారు. బాయిలర్ లోపల ఈ-యూనిట్ అని ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది, కరెంటు ఒకసారి ఆగి మళ్ళీ వస్తే ఒక కాయిల్ దాన్ని ఒక పన్ను తిప్పుతుంది. ముందుకు, ఆపు, వెనక్కి, ఆపు అని వరసగా పోతుంది. బ్యాటరీ మీద ఆ కాయిల్‌ని ఉంచితే ఊరికే వేడెక్కి కరెంటు తింటుంది, కాబట్టి దాన్ని మన సర్క్యూట్ నుంచి తప్పిస్తాం.

దాని బదులు ఏం పెట్టాలి? ఒక్క బ్రిడ్జి రెక్టిఫైయర్. కరెంటును ఒకే వైపు పోనిచ్చే నాలుగు డయోడ్ల చిన్న నల్ల దిమ్మ. 10 ఆంపియర్లది తీసుకోండి, లోహపు వీపు, మధ్యలో స్క్రూ రంధ్రం ఉన్నది. నాది హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో ఎప్పుడో కొని సామాన్ల పెట్టెలో వేసుకున్నది, సముద్రం దాటి వచ్చి ఇక్కడ పనికొచ్చింది. ఈ బ్రిడ్జిని ఫీల్డ్‌కి కాపలా పెడతాం. బయట కరెంటు ఎటునుంచి ఎటు పోయినా, బ్రిడ్జి లోపలికి వెళ్ళాక ఫీల్డ్‌లో ఎప్పుడూ ఒకే దిశలో పారుతుంది. ఆర్మేచర్‌లో మాత్రం బయటి దిశ ప్రకారం మారుతుంది. అంతే, ఏసీ మోటారు డీసీ మోటారులా ప్రవర్తిస్తుంది. డ్రమ్ము లేదు, పళ్ళు లేవు, అరిగేదేమీ లేదు.

తీగల వరస ఇది. కంట్రోలర్ నుంచి వచ్చే ఒక తీగ ఒక బ్రష్షుకి (ఆర్మేచర్‌కి కరెంటు అందించే బొగ్గు ముక్క). రెండో బ్రష్షు నుంచి బ్రిడ్జిలో అల గుర్తు ఉన్న ఒక కాలికి. అల గుర్తున్న రెండో కాలినుంచి కంట్రోలర్ రెండో తీగకి. బ్రిడ్జి ప్లస్, మైనస్ కాళ్ళ మధ్య ఫీల్డ్ కాయిల్ రెండు చివరలు. రిమోట్ ముందుకి అంటే బండి వెనక్కి పోతుంటే ఫీల్డ్ చివరలు రెండూ అటూ ఇటూ మార్చేయండి, సరిపోతుంది.

బ్రిడ్జిలో దాదాపు 1.4 వోల్టులు పోతాయి. రెండు ఆంపియర్లు పారుతుంటే దాదాపు మూడు వాట్ల వేడి. ఊరికే గాల్లో వేలాడదీస్తే చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. దాని వీపుని ఇంజన్ లోహపు శరీరానికి ఆనించి, అప్పటికే ఉన్న ఒక స్క్రూ రంధ్రానికే బిగించాను. ఈ రకం బ్రిడ్జిల వీపుకి లోపలి కరెంటుతో సంబంధం ఉండదు, అయినా మీటర్‌తో ఒకసారి చూసుకున్నాకే బిగించండి. అరగంట నడిపాక వేలు పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది.

మోటారుని శుభ్రం చేయకుండా తీగ కలపకండి

డెబ్బై ఏళ్ళ గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది. ఆ మోటారుకి బ్యాటరీ కలిపి, "తిరగట్లేదు, పాడైంది" అని పక్కన పెట్టేసినవాళ్ళని చూశాను. తొంభై పాళ్ళు అది పాడైంది కాదు, జిడ్డు పట్టింది.

పై బాయిలర్ విప్పే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. ఏ స్క్రూ ఎక్కడిదో మోడల్‌ని బట్టి మారుతుంది. నేను ఇడ్లీ ప్లేటు పెట్టుకుని ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూలు వేశాను, విప్పిన వరసలోనే. బిగించేటప్పుడు ఒక్కటీ మిగల్లేదు.

మోటారు పక్కన బ్రష్ ప్లేటు ఉంటుంది, రెండు స్క్రూలు. నెమ్మదిగా లాగండి, ఎందుకంటే చిన్న స్ప్రింగులు ఎగిరిపోతాయి. ఒక గుడ్డ పరుచుకుని దాని మీద విప్పితే పడినా దొరుకుతాయి. ఆర్మేచర్ ఇరుసు మీద సన్నటి వాషర్లు ఉంటే ఎటువైపు ఎన్నో రాసుకోండి. లోపల బ్రష్షులు ఆనుకునే కమ్యుటేటర్ మూడు రాగి ముక్కలుగా కనిపిస్తుంది. మాది బొగ్గుపొడి, నూనె కలిసి తారు పూసినట్టు నల్లగా ఉంది. గుడ్డ ముక్కని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి తుడుస్తూ పోయాను. ఐదో గుడ్డకి కొత్త పైసా రంగు బయటపడింది. మూడు ముక్కల మధ్య సందుల్లో ఇరుక్కున్న పొడిని టూత్‌పిక్‌తో గీకి తీయాలి, సూదితో మాత్రం వద్దు. ఆ సందుల్లో బొగ్గు మిగిలితే ముక్కకీ ముక్కకీ మధ్య కరెంటు దొంగదారి పడుతుంది. గరుకు కాగితం వాడకండి. ట్రాక్షన్ మోటారుకైనా బొమ్మ మోటారుకైనా కమ్యుటేటర్‌ని గీకడం అంటే దాని ఆయుష్షు గీకడమే.

ఇప్పుడు మల్టీమీటర్. కమ్యుటేటర్ ముక్కలు ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-ఒకటి మధ్య ఓములు చూడండి. మూడు రీడింగులూ సమానంగా రావాలి. ఒకటి తేడాగా ఉంటే ఆ చుట్టలో తెగో షార్టో ఉంది, ఆర్మేచర్ మార్చాల్సిందే. తర్వాత ఒక్కో ముక్కకీ ఇరుసుకీ మధ్య చూడండి, కరెంటు దారి అసలు ఉండకూడదు. ఫీల్డ్ కాయిల్‌కీ ఇదే పరీక్ష. మాది ఒకటిన్నర ఓము చూపించింది, చాలు.

బ్రష్షులు సగానికి పైగా అరిగిపోయి ఉంటే కొత్తవి వేయండి, ఇప్పటికీ దొరుకుతాయి. ఆర్మేచర్ ఇరుసు రెండు చివరలా కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క. పళ్ళచక్రాలకి పల్చగా గ్రీజు. కమ్యుటేటర్ దగ్గరికి నూనె పోకూడదు. ఎక్కువ నూనె పోసిన మోటారు నెల తిరక్కుండా మళ్ళీ అదే తారు పట్టుకుంటుంది.

లోపలి పాత తీగల తొడుగు వంచగానే పగిలిపోతుంటే మొహమాటపడకుండా అన్నీ మార్చేయండి. సిలికాన్ తొడుగున్న మెత్తటి తీగ, 20 లేదా 22 గేజి, సరిపోతుంది.

ఫ్రేముకి ఏదీ తగలకూడదు

పట్టాల మీద నడిచే రోజుల్లో ఇంజన్ శరీరమంతా ఒక తీగే. ఫీల్డ్ కాయిల్ ఒక చివరని నేరుగా ఫ్రేముకి టంకం పెట్టేవాళ్ళు. హెడ్‌లైట్ బల్బు హోల్డర్ కూడా ఫ్రేము మీదే. బ్యాటరీ పద్ధతిలో ఇది ప్రాణాంతకం, మీకు కాదు, కంట్రోలర్‌కి.

నాకు జరిగింది చెబుతాను. ఫీల్డ్ చివర ఫ్రేమునుంచి విప్పాను అనుకున్నాను. టంకం వదిలింది గానీ రేకు ముక్క ఒకటి వంగి ఫ్రేముకి ఆనుకునే ఉంది. హెడ్‌లైట్‌కి బ్యాటరీ మైనస్‌ని ఫ్రేము ద్వారా ఇచ్చాను. స్విచ్ వేసి రిమోట్ కాస్త నొక్కేసరికి టప్‌మని చిన్న శబ్దం, కాలిన వాసన. కంట్రోలర్ పోయింది. కంట్రోలర్ నుంచి మోటారుకి వెళ్ళే రెండు తీగల్లో ఏదీ బ్యాటరీ మైనస్‌కి తగలకూడదు. దిశ మారినప్పుడు ఆ రెండూ ప్లస్ అవుతాయి, మైనస్ అవుతాయి. ఫ్రేము ద్వారా ఒకటి మైనస్‌కి కట్టేసి ఉంటే ప్లస్ వచ్చిన క్షణం షార్టే.

అందుకని మోటారు తీగలు రెండూ, లైటు తీగలు రెండూ, అన్నీ విడిగా. ఫ్రేముని ఎవరూ వాడకూడదు. అన్నీ కలిపాక, బ్యాటరీ పెట్టకముందే, మీటర్ బీప్ మోడ్‌లో పెట్టి ఒక కడ్డీ ఫ్రేము మీద ఉంచి, రెండోది ఒక్కో తీగ మీదా ఆనించుకుంటూ రండి. ఎక్కడా బీప్ రాకూడదు. నేనిప్పుడు ఆ పరీక్ష రెండుసార్లు చేస్తాను, బాయిలర్ మూసే ముందు ఒకసారి, మూశాక ఒకసారి. మూసేటప్పుడు తీగ నలిగి తొడుగు తెగడం నేను షెడ్డులోనూ చూశాను.

రోలర్ తీగని కూడా విప్పి, కొనకి హీట్‌ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని పట్టుకునే తొడుగు) తొడగండి. రేపు ఎవరో తెలియక ఈ బండిని కరెంటున్న పట్టాల మీద పెడితే ఆ ఏసీ మన సర్క్యూట్‌లోకి రాకూడదు.

సామానంతా వెనక పెట్టెలో

టెండర్‌లో పెడదామని మొదట అనుకున్నాను. మా టెండర్ నిండా విజిల్ ఉంది. అది ఒక చిన్న మోటారు, గాలిపంకా, గాలి అరలు కలిపిన ముద్ద, చాలా అందమైన పనితనం. దాన్ని పీకడానికి మనసొప్పలేదు. అందుకని టెండర్ వెనకున్న గూడ్స్ పెట్టెని ఎంచుకున్నాను. అదే మేలైంది కూడా. ఇంజన్ శరీరం పోత లోహం, లోపల రిసీవర్ పెడితే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సరిగా అందదు. పెట్టె ప్లాస్టిక్, సిగ్నల్‌కి అడ్డు లేదు.

బ్యాటరీ, స్విచ్, ఫ్యూజు, కంట్రోలర్, రిసీవర్ అన్నీ ఆ పెట్టెలోనే. అక్కడినుంచి ఇంజన్‌కి నాలుగు తీగలు మాత్రమే టెండర్ అడుగునుంచి పోతాయి, రెండు మోటారుకి, రెండు లైటుకి. మధ్యలో నాలుగు పిన్నుల చిన్న కనెక్టర్, తలకిందులుగా దూరని రకం. తీగ పొడవు వంపులో చూసి కొలవాలి, నిటారు పట్టా మీద కాదు. నేను నిటారుగా కొలిచి కోసిన మొదటి తీగ వంపులో బిగిసి పెట్టెని పట్టా దించేసింది.

బ్యాటరీ నేను వాడింది మూడు లిథియం సెల్‌ల ప్యాకు. పేరుకి 11.1 వోల్టులు, నిండుగా ఛార్జ్ అయితే 12.6. మా ఇంజన్ ఖాళీగా ఒక ఆంపియరు పైచిలుకు, నాలుగు పెట్టెలతో రెండుకి దగ్గరగా తీసుకుంటోంది. 2500 మిల్లీ ఆంపియర్ అవర్ల ప్యాకు గంటకు పైగా నడుపుతోంది, ఆరేళ్ళ పిల్లాడికి అంతకన్నా అక్కర్లేదు. 12 వోల్టులు తక్కువేమో అనుకోకండి. ఇలాంటి మోటార్లు ఏసీ కన్నా డీసీ మీద తక్కువ వోల్టేజీకే తేలిగ్గా తిరుగుతాయి, ఆ పాత గుర్రు శబ్దం కూడా తగ్గుతుంది. పొడవైన బరువు రైలు లాగాలనుకుంటేనే నాలుగు సెల్‌లకి వెళ్ళండి, ఛార్జర్ కూడా దానికి తగిందే కొనాలి.

లిథియం విషయంలో నేను కచ్చితంగా ఉంటాను, మీరూ ఉండండి. లోపలే రక్షణ సర్క్యూట్ ఉన్న, కొత్తగా తయారైన ప్యాకు కొనండి. పాత లాప్‌టాప్‌లోంచి తీసిన సెల్‌లు వద్దు, సెల్ మీద నేరుగా సోల్డరింగ్ ఇనుము పెట్టడం అసలు వద్దు. ప్లస్ తీగలో, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, 5 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు తర్వాత స్విచ్. మూడు సెల్‌ల లిథియం ప్యాకు కోసం చేసిన 12.6 వోల్టుల ఛార్జర్ మాత్రమే వాడాలి. ఛార్జింగ్‌కి ప్యాకుని పెట్టెలోంచి బయటికి తీసి, టైల్స్ గచ్చు మీద పెట్టి, మనం మెలకువగా ఉండగానే చేయాలి. ఇక్కడ చలికాలంలో గరాజ్‌లో నీళ్ళు గడ్డకడతాయి. సున్నా డిగ్రీల కన్నా తక్కువ చలిలో లిథియం సెల్‌ని ఛార్జ్ చేస్తే లోపల పాడైపోతుంది, బయటికి కనిపించదు. నేను ప్యాకుని ఇంట్లోకి తెచ్చి, గది వేడికి వచ్చాక ఛార్జింగ్‌కి పెడతాను.

రిమోట్, కంట్రోలర్

రైళ్ళ కోసమే చేసిన రేడియో, బ్లూటూత్ బోర్డులు దొరుకుతాయి, ఖరీదు ఎక్కువ. నేను రిమోట్ కార్ల సామానే వాడాను. బ్రష్ మోటార్ల స్పీడ్ కంట్రోలర్ ఒకటి, 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్, దాని రిసీవర్. అన్నీ కలిపి యాభై డాలర్ల లోపే అయ్యాయి. కొనేముందు ఒకటి చూడండి. కార్ల కంట్రోలర్లు మామూలుగా ముందుకు, బ్రేకు, వెనక్కి అనే వరసలో పనిచేస్తాయి. రివర్స్ కావాలంటే రెండుసార్లు నొక్కాలి. రైలుకి అది చికాకు. బ్రేకు లేకుండా ముందుకు, వెనక్కి మాత్రమే ఉండే అమరిక ఉన్నది తీసుకోండి. చాలావాటిలో చిన్న జంపర్ పిన్ను మారిస్తే ఆ అమరిక వస్తుంది. పక్కనే బ్యాటరీ రకానికి ఇంకో జంపర్ ఉంటే దాన్ని లిథియం వైపు పెట్టండి, సెల్‌లు అడుగంటకముందే అదే ఆపేస్తుంది. రిసీవర్‌కి కావాల్సిన చిన్న వోల్టేజీ కంట్రోలరే ఇస్తుంది, వేరే బ్యాటరీ అక్కర్లేదు.

పిస్తోలు ఆకారం రిమోట్ పిల్లలకి మంచిది. వేలు వదిలితే ట్రిగ్గర్ మధ్యకి వచ్చేస్తుంది, బండి ఆగుతుంది. లోకోలో డ్రైవర్ కాలు తీస్తే బండిని ఆపే డెడ్‌మ్యాన్ పెడల్ చేసే పని అదే. పూర్తి వేగం ముప్పావు కన్నా పెరగకుండా రిమోట్‌లోనే పరిమితి పెట్టాను, లేదంటే వంపులో బోల్తా ఖాయం.

సిగ్నల్ పోతే బండి ఆగాలి. ఇది నమ్మకం మీద వదిలే విషయం కాదు. ఇంజన్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, చక్రాలు గాల్లో తిరుగుతుండగా రిమోట్‌ని ఆపేయండి. చక్రాలు ఆగకపోతే రిసీవర్‌ని రిమోట్‌తో మళ్ళీ జతచేసి, ఫెయిల్‌సేఫ్‌ని (సిగ్నల్ పోతే ఏం చేయాలో చెప్పే అమరిక) సున్నా దగ్గర పెట్టండి. ఆగేవరకు పట్టాల మీద పెట్టకండి.

లైటుకి పాత బల్బు తీసి, వెచ్చటి తెలుపు ఎల్‌ఈడీ పెట్టాను, దానితో సిరీస్‌లో ఒక కిలో ఓము రెసిస్టర్. పది మిల్లీ ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. స్విచ్ తర్వాత, కంట్రోలర్‌కి ముందు కలిపితే బండి ఆగినా లైటు వెలుగుతూ ఉంటుంది, ప్యాకు ఆన్‌లో ఉందని మర్చిపోకుండా గుర్తుచేస్తుంది. పొగ యూనిట్‌ని కలపలేదు. చిన్న హీటర్ అది, బ్యాటరీ అంతా దానికే పోతుంది. విజిల్‌కి పట్టాల ద్వారా డీసీ పంపి లోపలి రిలేని లాగే పాత ఏర్పాటు ఇక పనిచేయదు. మోటారు మాత్రం మంచిదే, రిసీవర్‌లో మిగిలిన ఛానల్‌కి చిన్న రిలే స్విచ్ పెట్టి దాన్ని మోగించే పని ఈ చలికాలానికి పెట్టుకున్నాను.

మొదటి పరుగు

మొదట బల్ల మీద, ఇంజన్ వెల్లకిలా. తర్వాత ఇంజన్ ఒక్కటే, పట్టా మీద పది నిమిషాలు. ఆపి మోటారు మీదా, బ్రిడ్జి మీదా, ప్యాకు మీదా వేలు పెట్టి చూడండి. ప్యాకు వేడెక్కిందంటే ఎక్కడో తేడా ఉంది, ఆపేయండి. అన్నీ బాగుంటే ఒక్కో పెట్టె తగిలించుకుంటూ పోవాలి.

నడిపే పద్ధతి గురించి మనవడికి చెప్పింది మీకూ చెబుతాను. వాగ్-5లో మోటార్ల వోల్టేజీ పెంచే ట్యాప్ ఛేంజర్‌కి 32 నాచ్‌లు, అంటే మెట్లు. ఏ డ్రైవరూ సున్నా నుంచి ఒక్కసారిగా 32కి లాగడు, కప్లింగులు తెగుతాయి. అలాగే ట్రిగ్గర్ మెల్లగా నొక్కాలి, పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి టక్, టక్, టక్ అని లాగుడు అందుకునే చప్పుడు వినిపించాలి. రెండోది, బండి పూర్తిగా ఆగాకే వెనక్కి. లోకోలో కరెంటు పారుతుండగా రివర్సర్ తిప్పరు. ఈ బొమ్మ పళ్ళచక్రాలు డెబ్బై ఏళ్ళవి, వాటికీ అదే మర్యాద ఇవ్వాలి. వాడు రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆపాక "జీరో, తాతయ్యా" అని చెప్పిమరీ వెనక్కి తీస్తాడు.

పట్టాలకి ఇక గీకుడు లేదు. తుప్పు మీద చక్రం దొర్లితే చాలు, కరెంటు అక్కర్లేదు కదా. పొడవైన తుప్పు పెచ్చులు మాత్రం గుడ్డతో తుడిచి, అతుకుల పిన్నులు శ్రావణంతో కాస్త బిగించాను. వంటింట్లోంచి హాల్లోకి, సోఫా కిందినుంచి మళ్ళీ వంటింట్లోకి పట్టా వేస్తున్నాం. మధ్యలో ఒక పట్టా ముక్క చెక్కతో చేసిందే, బండి దాని మీదా ఆగకుండా పోతుంది.

నెలల తరబడి వాడకపోతే ప్యాకుని సగం ఛార్జ్‌లో ఉంచి, పెట్టెలోంచి తీసి విడిగా పెట్టండి. ఇంజన్ అడుగున "బ్యాటరీ బండి, పట్టాల్లో కరెంటు పెట్టకూడదు" అని చీటీ అంటించండి. విప్పిన ఈ-యూనిట్, పాత బల్బు, మిగిలిన స్క్రూలు ఒక జిప్ సంచిలో వేసి, తీగల బొమ్మ గీసిన కాగితాన్ని మడిచి అందులోనే పెట్టాను. బొమ్మ పక్కన వివరాలు తెలుగులో ఒకసారి, మనవడు పెద్దయ్యాక చదువుకోవడానికి ఇంగ్లీషులో ఒకసారి రాశాను. ఆ సంచి గరాజ్ సేల్‌లో తెచ్చిన అట్టపెట్టె అడుగున ఉంది.